కీళ్లవాతం ఉన్నవారి ఛాతీని కూడా పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

రుమటాయిడ్ కీళ్లవాతం గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు సాధారణంగా వేళ్ల కణుపుల దగ్గర మొదలై మోకాళ్ల దగ్గర ముగుస్తాయి. తెల్లవారి లేవగానే చేతులు బిగుసుకుపోవడం, కణుపులు వాయడం, వేళ్లు వంకర పోవడం తప్పకుండా రాయాల్సిన విషయాలే. అయితే ఈ జబ్బులో శరీరపు రక్షణ వ్యవస్థ సొంత కణజాలం మీదే తిరగబడుతుంది. ఆ దాడికి ఊపిరితిత్తులు, వాటి చుట్టూ ఉండే పొర, సన్నటి గాలిగొట్టాలు, గొంతులోని చిన్న కీళ్లు కూడా గురవుతాయి. కీళ్లతో పాటు ఊపిరితిత్తులు కూడా దెబ్బతిన్న రోగుల గురించి ఎల్మన్, బాల్ అనే వైద్యులు 1948లోనే రాశారు. అయినా ఇప్పటికీ ఛాతీలో ఏదైనా తేడా వస్తే రోగి ఒక డాక్టరు దగ్గరికి, కీళ్ల కోసం ఇంకొక డాక్టరు దగ్గరికి వెళ్తుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. ఈ రెండు వైపులా పనిచేసే వైద్యులం కలిసి రాస్తున్న లేఖ ఇది.

ఈ జబ్బు ఛాతీలో చాలాకాలం దాగి ఉండడానికి ఒక కారణం కీళ్ల నొప్పే. మోకాళ్లు పోటు పెడుతుంటే మనిషి నడక తగ్గిస్తాడు, మెట్లు ఎక్కడం మానేస్తాడు. ఒంటికి శ్రమ లేకపోతే ఆయాసం బయటపడదు. అందుకే "మీకు ఆయాసం వస్తోందా" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. అంతకంటే పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. ఏడాది కిందట చేసిన పనుల్లో ఇప్పుడు ఏది మానేశారు, నొప్పి వల్ల మానేశారా, ఊపిరి అందక మానేశారా అని అడగాలి. రెండు నెలలుగా తగ్గని పొడి దగ్గును కూడా రోగులు తమంతట తాము చెప్పరు. కీళ్ల డాక్టరుకు దగ్గుతో ఏం పని అనుకుంటారు.

ఛాతీ సమస్యల్లో అన్నిటికంటే భయపడాల్సింది ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చకట్టడం. దీన్ని ఫైబ్రోసిస్ అంటారు. రుమటాయిడ్ రోగుల్లో సుమారు పది మందిలో ఒకరికి ఇది లక్షణాలతో బయటపడుతుంది. సీటీ స్కాన్‌లో మాత్రమే కనిపించే తేలికపాటి మార్పులు ఇంకా ఎక్కువమందిలో ఉంటాయి. కీళ్లవాతం ఆడవారిలోనే రెండు మూడు రెట్లు ఎక్కువ కానీ, ఈ ఫైబ్రోసిస్ ముప్పు మగవారికి ఎక్కువ. వయసు మీదపడినవారు, పొగ తాగేవారు, రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ (సొంత కణజాలం మీద తిరగబడే యాంటీబాడీలు) బాగా ఎక్కువగా ఉన్నవారు ముందు వరుసలో ఉంటారు.

దీన్ని తొలిదశలో పట్టుకునే పరికరం ప్రతి డాక్టరు మెడలోనూ ఉంటుంది. రోగిని కూర్చోబెట్టి, చొక్కా మీద నుంచి కాకుండా నేరుగా చర్మం మీద, వీపు కింది భాగంలో రెండు పక్కలా స్టెతస్కోప్ పెట్టి, నోటితో నిదానంగా లోతుగా ఊపిరి పీల్చమనాలి. పీల్పు చివర్లో వెల్క్రో పట్టీ విప్పినట్టు సన్నటి చిరచిర వినిపించవచ్చు. అప్పుడు ఒకసారి గట్టిగా దగ్గమని మళ్లీ వినాలి. కళ్లె వల్ల వచ్చే శబ్దమైతే దగ్గగానే పోతుంది లేదా మారుతుంది. ఫైబ్రోసిస్ చిరచిర అలాగే ఉంటుంది. రెండు నిమిషాల పని ఇది. ప్రతి ఆరు నెలలకు ఒకసారైనా జరగాలని మా గట్టి అభిప్రాయం.

ఆ శబ్దం వినిపిస్తే ఎక్స్‌రే తీసి "బాగానే ఉంది" అని పంపేయడం పొరపాటు. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. కావలసింది హై రిజల్యూషన్ సీటీ. చీటీ మీద ఊరికే "ఛాతీ సీటీ" అని రాస్తే మందపాటి ముక్కలతో, రంగు మందు ఎక్కించి తీసిన స్కాన్ రావచ్చు. దానితో సన్నటి మార్పులు తేలవు. రంగు మందు అవసరం లేదని, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల ముక్కలు కావాలని, పూర్తిగా ఊపిరి పీల్చి పట్టుకున్నప్పుడు ఒకసారి, పూర్తిగా వదిలాక ఒకసారి తీయాలని రాయాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల అడుగుభాగం బరువుకు నొక్కుకుపోయి మచ్చలా కనిపిస్తుంది. అనుమానం ఉంటే బోర్లా పడుకోబెట్టి కూడా తీయించాలి. నొక్కుడు వల్ల వచ్చిన నీడైతే బోర్లా పడుకోగానే పోతుంది.

స్కాన్‌తో పాటు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష కూడా ఉండాలి. గొట్టంలోకి ఊది చేసే స్పైరోమెట్రీలో, గట్టిగా ఊదితే మొత్తం ఎంత గాలి వదలగలరో చెప్పే ఎఫ్‌వీసీ ఎంతో చూస్తే చాలదు. గాలి నుంచి రక్తంలోకి వాయువు ఎంత దాటుతోందో చెప్పే డీఎల్‌సీఓ చాలామందిలో ముందు తగ్గుతుంది. మొదటిసారి వచ్చిన అంకెలను జాగ్రత్తగా దాచుకోవాలి. తర్వాతి పరీక్షకు విలువ ఇచ్చేది ఆ పాత అంకెలే. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూర్చున్నప్పుడు 97 చూపించినా నమ్మకూడదు. ఆరు నిమిషాలు నడిచాక చూడాలి. వేళ్లు వంకర పోయి, చల్లబడి ఉన్నవారిలో ఆ పరికరం తప్పు చూపిస్తుంది. అలాంటప్పుడు చెవి తమ్మెకు పెట్టే క్లిప్ వాడాలి.

మచ్చకట్టిన భాగం తిరిగి మెత్తబడదు. అందుకే ముందుగా పట్టుకోవడం మీద ఇంతగా చెబుతున్నాం. మచ్చ పెరుగుతూ పోతున్నవారిలో నింటెడానిబ్ మందు ఆ వేగాన్ని తగ్గిస్తుందని 2019లో వచ్చిన ఇన్‌బిల్డ్ పరిశోధన చూపించింది. అందులో కీళ్లవాతం రోగులు కూడా ఉన్నారు. మామూలు మోతాదు 150 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు ఆహారంతో. విరేచనాలు చాలామందికి అవుతాయి, కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. దీనితో ఆయాసం తగ్గుతుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. ఆయాసం పెరిగే వేగాన్ని తగ్గించడమే ఈ మందు చేసే పని. రోగికి ఈ మాట ముందే చెప్పకపోతే రెండో నెలలోనే మందు ఆపేస్తారు.

ఇక ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం. మన వాడుకలో నెమ్ము చేరడం అంటారు. ఇక్కడ జరిగే తప్పులు చాలా ఖరీదైనవి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం.

కీళ్లవాతం వల్ల చేరే నీరు ఎక్కువగా ఒక పక్కనే, కొద్దిగానే ఉంటుంది. నడివయసు దాటిన మగవారిలో, మోచేతుల దగ్గర చర్మం కింద గట్టి బుడిపెలు ఉన్నవారిలో ఎక్కువ. కొందరిలో కీళ్లు వాయడానికి ముందే నీరు చేరుతుంది. సూదితో తీసి పరీక్షకు పంపితే విచిత్రమైన ఫలితాలు వస్తాయి. రక్తంలో గ్లూకోజు మామూలుగానే ఉంటుంది, ఈ నీటిలో మాత్రం డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు, తరచు 30 లోపు ఉంటుంది. వాచి మందమైన పొర గుండా గ్లూకోజు లోపలికి సరిగా రాదు, వచ్చినదాన్ని అక్కడి కణాలు వాడేసుకుంటాయి. ఆ క్రమంలో పుట్టిన ఆమ్లం బయటికి పోలేక పీహెచ్ 7.2 దాకా, ఇంకా కిందికి కూడా పడిపోతుంది. కణాలు దెబ్బతిన్నప్పుడు బయటపడే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ 700 దాటుతుంది. ఏళ్ల తరబడి నిలిచిన నీరైతే కొలెస్టరాల్ 200 దాటి, చూడటానికి పాలలా ఉంటుంది.

ఇవే అంకెలు చీము పట్టినప్పుడూ వస్తాయి. దాంతో ఛాతీలోకి గొట్టం వేసి వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇస్తారు, నీరు తగ్గదు. ఇంకొక దారి క్షయ వైపు తీసుకుపోతుంది. నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ 40 యూనిట్లు దాటితే క్షయ అనుకోవడం అలవాటు. కానీ కీళ్లవాతం నీటిలోనూ ఏడీఏ పెరుగుతుంది. ఈ రోగుల్లో ఆ ఒక్క అంకె ఆధారంగా ఆరు నెలల మందులు మొదలుపెట్టడం సరికాదు. గ్లూకోజు తగ్గడం క్షయలోనూ ఉంటుంది కానీ, ఇంతగా అడుగంటడం తక్కువ.

దీనికి తిరుగుమాట కూడా ఉంది, అది ఇంకా ముఖ్యం. కీళ్లవాతం ఉంది కదా, నీరు దానివల్లే అయి ఉంటుందని స్టెరాయిడ్ మొదలుపెడితే, లోపల నిజంగా క్షయ ఉన్న రోగికి ప్రాణం మీదికి వస్తుంది. కీళ్ల మందుల వల్ల వీరికి క్షయ వచ్చే అవకాశమే ఎక్కువ. కాబట్టి రెండూ కలిపి వెతకాలి. నీటిలో క్షయ జన్యుపరీక్ష, కల్చర్ పంపాలి. జన్యుపరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన క్షయ లేదని కాదు, ఊపిరితిత్తుల పొర నీటిలో సూక్ష్మజీవులు చాలా తక్కువగా ఉంటాయి. అదే నీటిని సైటాలజీకి, అంటే అందులోని కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షకు, తప్పకుండా పంపాలి. తోకకప్పల ఆకారంలో సాగిన కణాలు, అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు, వాటి చుట్టూ చెత్తలా పడి ఉన్న గుజ్జు కనిపిస్తే అది కీళ్లవాతపు గుర్తు. పాథాలజిస్టుకు పంపే చీటీ మీద "రుమటాయిడ్ రోగి" అని రాయకపోతే ఆయన వీటిని వెతకరు. అప్పటికీ తేలకపోతే పొర ముక్క తీసి చూడాల్సిందే.

నమూనా తీసే పద్ధతిలోనే ఫలితం చెడిపోవచ్చు. పీహెచ్ కోసం తీసిన నీరు గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఉన్న సిరంజిలో, గాలి బుడగ లేకుండా, వెంటనే బ్లడ్ గ్యాస్ యంత్రానికి చేరాలి. గాలి తగిలితే అంకె పెరుగుతుంది. చర్మం మొద్దుబారడానికి ఇచ్చిన మందు సూదిలో మిగిలి నీటిలో కలిస్తే అంకె తగ్గుతుంది. గ్లూకోజుకు, కణాలు దాన్ని వాడేసుకోకుండా ఆపే ఫ్లోరైడ్ సీసా వాడాలి. మామూలు సీసాలో గంటల తరబడి ఉంచితే కణాలు గ్లూకోజును తినేస్తాయి, లేని లోటు ఉన్నట్టు కనిపిస్తుంది. అదే సమయంలో రక్తంలో గ్లూకోజు కూడా చూడాలి.

కొద్దిపాటి నీరు, ఆయాసం లేకపోతే కదిలించనవసరం లేదు. కీళ్లవాతం అదుపులోకి వస్తే కొన్ని నెలల్లో చాలామందిలో అదే తగ్గుతుంది. ఆయాసం ఉంటే అల్ట్రాసౌండ్ చూస్తూ తీయాలి, ఒక్కసారిగా ఒకటిన్నర లీటరు దాటకూడదు. తీస్తుండగా ఛాతీ బిగుతు, ఆగని దగ్గు మొదలైతే అక్కడే ఆపాలి. పాతబడిన నీరు చుట్టూ పొర గట్టిపడి ఊపిరితిత్తిని బిగించేస్తుంది. నీరు తీసినా అది విచ్చుకోదు, ఆ ఖాళీలో గాలి కనిపిస్తుంది. దాన్ని చూసి సూది ఊపిరితిత్తికి గుచ్చుకుందని కంగారుపడి గొట్టం వేస్తారు. ఎన్ని రోజులు ఉంచినా ఆ గొట్టం వల్ల ప్రయోజనం ఉండదు.

క్షయ నిజంగా ఉన్నప్పుడు మరో చిక్కు ఉంది. క్షయ మందు రిఫాంపిసిన్ కాలేయాన్ని ప్రేరేపించి స్టెరాయిడ్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. వేసుకునే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మోతాదు మారకపోయినా కీళ్లు భగ్గుమంటాయి. మరో క్షయ మందు పైరజినమైడ్ యూరిక్ యాసిడ్ పెంచి కీళ్ల నొప్పి తెస్తుంది. క్షయ మందు ఐసోనియాజిడ్, కీళ్లవాతం మందులు మెథోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ అన్నీ కాలేయం మీదే భారం వేస్తాయి. ఆరు నెలలూ ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుంటూ ఉండాలి.

ఊపిరితిత్తుల్లో కట్టే గడ్డల సంగతి తక్కువ మాటల్లో చెప్పవచ్చు. కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా, ఎక్కువగా అంచుల్లో ఉంటాయి, చాలావరకు ఏమీ చేయవు. మధ్యలో కుళ్లి గుహలా మారినవి పొరలోకి పగిలితే గాలి బయటికి వచ్చి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. బొగ్గు గనుల కార్మికుల్లో కీళ్లవాతంతో పాటు ఇలాంటి గడ్డలు కట్టడాన్ని వేల్స్‌లో కాప్లాన్ 1953లో వివరించారు. ఇసుక రాయి పొడి, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసేవారిలోనూ ఇది వస్తుంది. అందువల్ల రోగి ఏం పని చేసేవారో అడగాలి. గడ్డ కనిపించగానే "కీళ్లవాతం గడ్డ" అని పేరు పెట్టేయకూడదు. వీరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా కొంత ఎక్కువే. పాత స్కాన్ పక్కన పెట్టి పోల్చాలి. పెరుగుతుంటే, ముఖ్యంగా పొగ తాగేవారిలో, ముక్క తీసి చూడాలి.

ఉబ్బసం అని పొరబడే సమస్య ఒకటుంది. సన్నటి గాలిగొట్టాలు వాచి, మచ్చకట్టి మూసుకుపోతాయి. వారాల్లో, నెలల్లో ఆయాసం పెరుగుతుంది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. ఇన్‌హేలర్ మార్చి మార్చి ఇస్తుంటారు. స్పైరోమెట్రీలో గాలి బయటికి పోవడానికి అడ్డంకి కనిపించి, ఇన్‌హేలర్ పీల్చాక కూడా ఆ అంకె కదలకపోతే దీన్ని తలచుకోవాలి. ఊపిరి వదిలాక తీసిన సీటీలోనే ఇది తేలుతుంది. పైన రెండుసార్లు తీయమన్నది అందుకే.

మరొకటి గొంతుకు సంబంధించింది. స్వరపేటికలో స్వరతంత్రులను కదిలించే రెండు చిన్న కీళ్లున్నాయి. కీళ్లవాతం వాటినీ వదలదు. పొద్దున్నే గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే చెవిలోకి పాకే నొప్పి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉండడం దీని గుర్తులు. ఆ కీళ్లు బిగుసుకుపోతే స్వరతంత్రుల మధ్య దారి సన్నబడి, ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తుంది. ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి. ఈ తేడా ఒక్కటి గమనిస్తే చాలు.

మోకాలి కీలు మార్పిడికి వెళ్లే రుమటాయిడ్ రోగులకు ఇది చాలా అవసరం. శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టరుకు మూడు విషయాలు చెప్పాలి. జబ్బు పేరు చెప్పాలి, గొంతు మార్పు ఉంటే చెప్పాలి, మెడ నొప్పి లేదా చేతుల్లో తిమ్మిరి ఉంటే అది చెప్పాలి. మెడ వంచి, వెనక్కి వాల్చి తీసిన ఎక్స్‌రేల్లో మొదటి రెండు మెడ ఎముకల మధ్య ఖాళీ మూడు మిల్లీమీటర్లు దాటితే, మత్తు కోసం మామూలుగా తల వెనక్కి వంచి గొంతులోకి ఊపిరి గొట్టం వేయడం వెన్నుపాముకు ప్రమాదం. సన్న గొట్టం, వంగే స్కోపు సిద్ధంగా పెట్టుకోవాలి. వీలైతే నడుముకు మత్తు ఇవ్వాలి. గొట్టం తీసిన తర్వాత కొన్ని గంటల్లో వాపు వల్ల దారి మూసుకోవచ్చు, అందుకే ఆ గంటలు కనిపెట్టుకుని ఉండాలి.

ఛాతీ ముందు భాగంలో, రొమ్ము ఎముక కీలు దగ్గర నొక్కితే వచ్చే నొప్పి కూడా ఈ జబ్బుదే కావచ్చు. కానీ వీరికి గుండెపోటు ముప్పు మిగతావారికంటే సుమారు ఒకటిన్నర రెట్లు. ఈసీజీ తీయకుండా కీళ్ల నొప్పి అని సర్దిచెప్పుకోకూడదు. పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పి గుండె చుట్టూ ఉన్న పొర వాపుది, దానికి ఎకో తీయాలి.

మందుల గురించి రాయకుండా ఈ లేఖ ముగించలేం. మెథోట్రెక్సేట్ అరుదుగా ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు తెస్తుంది. ఎక్కువగా మొదటి ఏడాదిలో, జ్వరం, పొడి దగ్గు, రోజుల్లో పెరిగే ఆయాసంతో వస్తుంది. ఆ మూడూ కలిసి వస్తే తర్వాతి డోసు వేసుకోకుండా డాక్టరును కలవాలి. మందు వల్లే అని తేలితే ఇక ఎప్పటికీ మళ్లీ మొదలుపెట్టకూడదు. దీన్ని విని మరో తప్పు చేస్తారు. స్కాన్‌లో పాత మచ్చ కనిపించగానే మెథోట్రెక్సేటే కారణమని ఆపేస్తారు. ఇటీవలి పరిశోధనలు నిదానంగా పెరిగే ఫైబ్రోసిస్‌కు ఈ మందు కారణమని తేల్చలేదు, 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం వ్యతిరేక దిశలోనే చూపించింది. కారణం లేకుండా ఆపితే కీళ్లు పాడవుతాయి. ఈ మందు వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. మెథోట్రెక్సేట్ వాడుతున్నవారికి మూత్రంలో మంట అనో, దగ్గు అనో కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, రెండు మందులూ రక్తకణాల తయారీకి కావలసిన ఫోలేట్ విటమిన్‌నే అడ్డుకుని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కుప్పకూలుతాయి. నోట్లో పుళ్లు మొదటి హెచ్చరిక. ఏ చిన్న జబ్బుకు వెళ్లినా మందుల జాబితా చూపించమని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

కీళ్లవాతంలో వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు, నిద్రాణ క్షయ కోసం మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో మాంటూ నెగటివ్ వచ్చినా పూర్తిగా నమ్మలేం. నిద్రాణంగా క్షయ ఉంటే కనీసం ఒక నెల దాని మందులు వాడాకే ఇంజెక్షన్. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా కూడా వేయించుకోవాలి. కీళ్లు అదుపులో ఉంటే ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే టీకా బాగా పనిచేస్తుంది. ఆపాలా వద్దా అన్నది మీ డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్‌ను మాత్రం ఎవరూ తమంతట తాము ఒక్కసారిగా మానకూడదు.

మీ ఆరోగ్య పేజీలో కీళ్లవాతం గురించి రాసే ప్రతిసారీ ఈ నాలుగు గుర్తులు ఒక చిన్న పెట్టెలో వేయమని మా విన్నపం. హఠాత్తుగా ఒక పక్క డొక్కలో పోటుతో ఆయాసం, ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కూత, కళ్లెలో రక్తం, మెథోట్రెక్సేట్ వాడుతుండగా జ్వరంతో పొడి దగ్గు, ఆయాసం. వీటిలో ఏది వచ్చినా మరుసటి రోజు దాకా ఆగకూడదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల జాబితాతో పాటు పాత సీటీ స్కాన్‌ను, రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా, ఫిల్ములు లేదా సీడీతో సహా తీసుకెళ్లాలి.

ఇట్లు,
కీళ్లవాతం, ఊపిరితిత్తుల జబ్బుల వైద్యులు